చూడకముందే వ్రాసిన తీర్పు
(స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృత్యర్థమై ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆయన వార్తాపత్రికలో జీవితమంతయు గడిపియు తన పేరు ఆ పత్రికలో ఒక్కమారైనను అచ్చగుటకు సమ్మతింపని మనిషి. వార్త వ్రాసినవానికంటె వార్త పెద్దదని ఆయన నమ్మకము. ఆ నమ్మకమును మన్నించి, ఆహ్వానపత్రికలో మీరు చదివిన పేరును నేనిక్కడ మరల ఉచ్చరింపను. ఆయన పనితీరును గూర్చి మాత్రము ఒక్క మాట చెప్పి విషయమున ప్రవేశించెదను. టెలిప్రింటరుపై ఆగ్రహావేశములతో కూడిన వార్త యేదైన దిగినపుడు, దానిని తెనిగించుటకు తొందరపడు మావంటి కుర్రవాండ్రను ఆపి, “దీనిని కన్నులార చూచినవాడెవడోయ్?” అని అడుగుట ఆయన అలవాటు. సభలో రాళ్లు పడినవన్న వార్తకును, ఫలానా పుస్తకము మతమును దూషించినదన్న వార్తకును ఆ ప్రశ్న ఒక్కటే. రాళ్లు పడిన సంగతికి సామాన్యముగా సాక్షి దొరకెడివాడు. పుస్తకమును చదివినవాడు దొరకుట మాత్రము దుర్లభముగా నుండెను.

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్నది ఆ రెండవ తెగకు చెందిన వార్త. మతసంబంధమైన చలనచిత్రమొకటి వివాదగ్రస్తమైనపుడు పత్రికలును టెలివిజన్ సంస్థలును దానిని లోకమునకు వినిపించు తీరు ఎట్లుండును, ఆ తీరులో పక్షపాతము ఏ ద్వారమున లోనికి వచ్చును అన్నది విషయము. ఉదాహరణములు మన దేశమున కొల్లలుగా ఉన్నవి; కాని ఇంటి తగవులలో మనమందరమును ఏదో యొక పక్షమువారమే యగుటచేత, వాదము ముగియకముందే వక్త ఏ కులమువాడో, ఏ మతమువాడో, ఏ పార్టీవాడో ఆరా తీయుట మొదలగును. అందుచేత అమెరికా దేశమున పదునారేండ్ల వ్యవధిలో ఒకే కథను గూర్చి వచ్చిన రెండు చిత్రములను ఎదురెదురుగా నిలుపుట మేలని తలచితిని. మొదటిది 1988లో మార్టిన్ స్కోర్సెసి తీసిన ‘ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’. రెండవది 2004లో మెల్ గిబ్సన్ తీసిన ‘ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్’. రెండింట కథానాయకుడు క్రీస్తే, రెండింట ముగింపు సిలువయే. మొదటిదానిపై ఆగ్రహించినవారు సంప్రదాయ క్రైస్తవులు. రెండవదానిపై కలత చెందినవారు యూదసంఘములవారును, ఉదారవాదులైన క్రైస్తవ పండితులును. ఫిర్యాదుదారులు మారిరి, తీర్పు చెప్పు పత్రికలు మాత్రము చాలవరకు అవే. ఒకే చేతిలోని తక్కెడ రెండు దినములలో రెండు విధములుగా తూగినదా అని చూచుటకు ఇంతకంటె అనువైన సందర్భము నాకు కనబడలేదు.

మొదటి చిత్రము కథ మీలో పలువురు మరచియుందురు. గ్రీకు రచయిత నికోస్ కజాంత్జాకిస్ నవల దానికాధారము. సిలువపై వ్రేలాడుచున్న క్రీస్తు, సామాన్యమానవునివలె పెండ్లాడి, బిడ్డలను కని, వార్ధక్యమున కన్నుమూయు జీవితమును ఒక స్వప్నముగా గాంచి, తుదకు ఆ ప్రలోభమును త్రోసిపుచ్చి సిలువనే వరించుట అందలి ప్రధాన ఘట్టము. స్కోర్సెసి ఈ చిత్రమును తీయబూనిన తొలినాళ్లలోనే నిరసనలేఖలు కుప్పలుగా వచ్చిపడగా పారమౌంట్ సంస్థ 1983లో వెనుదీసెను. కొన్నేండ్లకు యూనివర్సల్ సంస్థ చేపట్టెను. 1988 వేసవిలో, చిత్రమింకను తుదిరూపు దాల్చకముందే, పాత స్క్రిప్టు ప్రతి యొకటి చేతులు మారి నిరసనకారుల నడుమ వ్యాపించెను. మతాచార్యులకు ముందుగా చూపుదుమని నిర్మాతలు పిలిచినను ప్రముఖులైన వ్యతిరేకులు పోలేదు. బిల్ బ్రైట్ అను ప్రసిద్ధ సువార్తికుడు, చిత్రమునకైన వ్యయమంతయు తాము చెల్లింతుమనియు, ప్రతులను నాశనము చేయుటకు తమకప్పగింపవలసినదనియు కోరగా, యూనివర్సల్ సంస్థవారు పెద్ద పత్రికలలో నిండుపుట ప్రకటనలు వేయించి, స్వాతంత్ర్యము అమ్మకపు వస్తువు కాదని బదులు చెప్పిరి. చిత్రము విడుదలకు ముందురోజు, అనగా ఆగస్టు 11న, ఆ స్టూడియో వాకిట ఇరువదియైదువేల మంది గుమికూడిరి. అక్టోబరు నెలలో పారిస్ నగరమున సేన్ మిషెల్ థియేటరునకు మతోన్మాదులు నిప్పుపెట్టగా పదిమందికి పైగా గాయపడిరి.

నాటి అమెరికా పెద్దపత్రికల వైఖరిని ఒక్క వాక్యములో చెప్పవలెనన్న, చూడనివారు ఖండించుట అజ్ఞానమనియు, చూచినవారు అందలి భక్తిని గుర్తించుచున్నారనియు, నిరసన అసహనమనియు అవి తేల్చినవి. ఆ తేల్పు చాలవరకు న్యాయమైనదే. చిత్రము చూచినవారికి అది దూషణ కాదనియు, విశ్వాసి పడిన వేదన యనియు తెలియును. కాని ఆ న్యాయమైన తేల్పులోనే ఒక సూత్రము ఇమిడియున్నది: కళాఖండమును గూర్చి మాటాడువాడు మొదట దానిని చూడవలెను, దొంగచాటుగా వచ్చిన చిత్తుప్రతిని చూచి తీర్పు చెప్పరాదు. ఆ సూత్రమును మనసున నిలుపుకొని రెండవ చిత్రము వద్దకు పోవుదము.

మెల్ గిబ్సన్ తన సొంత ధనము సుమారు మూడుకోట్ల డాలర్లు వెచ్చించి, ఇటలీ దేశమున మతేరా నగరమందును, రోములోని చినెచిత్తా స్టూడియోయందును, అరమాయిక్ భాషలోను లాటిన్ భాషలోను ఈ చిత్రమును తీసెను. 2003 మార్చినాటికి, అనగా విడుదలకు ఇంచుమించు ఏడాదికి ముందే, న్యూయార్క్ టైమ్స్ వారి ఆదివారపు సంచికలో ఒక దీర్ఘవ్యాసము వచ్చెను. అందు చిత్రముకంటె దర్శకుని తండ్రి ఎక్కువగా కనబడును. ఆ తండ్రి వాటికన్ సంస్కరణలను ధిక్కరించిన పాతకాలపు కాథలికుడు. యూదుల మారణహోమము జరిగిన తీరునే శంకించిన మనిషి. కుమారుని చిత్రము ఎట్లుండునో తండ్రి మాటలనుబట్టి ఊహింపుమని పాఠకునికి సూచన అందినది. తరువాత కొలది వారములకే కొందరు కాథలిక్, యూద పండితులు తమకు చేరిన స్క్రిప్టును పరిశీలించి, అందు యూదుల చిత్రణము ప్రమాదకరముగా నున్నదని ఒక నివేదిక వ్రాసిరి. అది దొంగిలించిన పాతప్రతి యని గిబ్సన్ పక్షమువారు న్యాయవాదులద్వారా హెచ్చరింపగా, అమెరికా కాథలిక్ బిషపుల సంఘము ఆ పరిశీలన తమ అనుమతితో జరిగినది కాదని చెప్పి తప్పుకొనెను. వేసవి ముగియునప్పటికి, చిత్రమును చూడని వ్యాసకర్తలు ఆ చిత్రముపై ధారాళముగా వ్రాయుచుండిరి. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఫ్రాంక్ రిచ్ వ్రాసిన శీర్షికలు వానిలో మిక్కిలి ప్రసిద్ధములు. ఆయనను గూర్చి గిబ్సన్ న్యూయార్కర్ పత్రిక విలేకరితో పలికిన మాటలు సభలో చెప్పదగినవి కావు.

ఇక్కడ తొందరపడరాదు. పదునైదేండ్ల క్రితము నిరసనకారులను ‘చూడకుండనే ఖండించుచున్నారు’ అని ఎత్తిపొడిచిన పత్రికాలోకము, ఇపుడు చూడకుండనే ఖండించినది కనుక రెండును ఒకటే యని తేల్చివేయుట సులభము. అట్లు తేల్చినవారు అమెరికాలో చాలమంది కలరు. కాని అది సగము నిజము. 2003 నాటి పండితులు చిత్రమును కాల్చుమనలేదు, కొని నాశనము చేయుదుమనలేదు, థియేటర్లకు నిప్పుపెట్టలేదు. స్క్రిప్టును చదివి, ఫలానాచోట సువార్తలలో లేని క్రూరత్వము యూదుల కంటగట్టబడినదని వ్రాసియిచ్చిరి. చదివి వ్రాసినవాని మాటకును, చదువక అరచినవాని మాటకును భేదము పాటింపని తీర్పు తీర్పు కాదు. అయినను సగము నిజము నిజము కాకపోదు. పండితుల సంగతి అట్లుండ, పత్రికల శీర్షికారచయితలు చేసినది వేరు. వారు స్క్రిప్టు సైతము చదువలేదు. పండితులు చదివినారన్న వార్తను చదివిరి. 1988లో బోధకుని విషయమున తప్పైనది 2003లో శీర్షికారచయిత విషయమున ఒప్పైనది. సూత్రము చెడలేదు, దానిని ప్రయోగించు చేయి వంగినది. పక్షపాతమనగా ఏదో యొక పక్షమును ద్వేషించుటయే యని మనమనుకొందుము. నాకు తెలిసినంతవరకు పత్రికలలో ద్వేషము తక్కువ, ఇష్టులకొక కొలత అనిష్టులకొక కొలత ఎక్కువ.

యూదులు భయపడుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు నాటి వార్తలలో దొరకిన సమాధానము అత్యల్పము. ‘యూదసంఘములు అభ్యంతరము తెలిపినవి’ అన్న వాక్యము వేలకొలది మారులు అచ్చయినది. దాని వెనుకనున్న వేయేండ్ల చరిత్ర మాత్రము ఎక్కడనో లోపలిపుటలలో ఒదిగిపోయినది. మధ్యయుగముల ఐరోపాలో క్రీస్తు శ్రమలను రంగస్థలముపై ప్రదర్శించు నాటకములు ఈస్టరు దినములలో ఊరూర జరిగెడివి. ఆ నాటకములు చూచి ఉద్రిక్తులైన జనులు యూదుల వాడలపై పడుటయు కలదు. క్రీస్తు రక్తదోషము తమపైనను తమ సంతానముపైనను నిలుచుగాక యని యెరూషలేము జనసమూహము పలికినట్లు మత్తయి సువార్తలో నున్న ఒక్క వాక్యము, తరతరములుగా యూదులను ‘దైవహంతకులు’గా నిందించుటకు ఆధారమైనది. జర్మనీ దేశమున ఒబెరామెర్గావ్ గ్రామస్థులు 1633లో మహామారి బాధ తొలగినచో క్రీస్తు శ్రమల నాటకమాడుదుమని మ్రొక్కుకొని 1634 మొదలుకొని ఆడుచున్నారు. ఆ ప్రదర్శనమునకు హిట్లరు 1930లోను, మూడువందలయేండ్ల ఉత్సవము జరిగిన 1934లోను స్వయముగా వచ్చెను. ఆ నాటకము పాఠమును యూదద్వేషము తొలగునట్లు సవరించుట ఇటీవలి దశాబ్దముల పని. 1965లో రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు మరణదోషమును నాటి యూదులందరిపైన గాని నేటి యూదులపైన గాని మోపరాదని ప్రకటించినది. ఆ ప్రకటన వెలువడి నలుబదియేండ్లైనను నిండకముందే, ఆ సంస్కరణలను అంగీకరింపని కుటుంబమున పెరిగిన నటుడొకడు అదే కథను తెరకెక్కించుచున్నాడని విని యూదులు ఉలికిపడుటలో వింత యేమున్నది? ఈ సంగతి తెలిసిన పాఠకుడు వారి భయమును ఒప్పుకొనకపోయినను అర్థము చేసికొనును. తెలియని పాఠకునికి అది ఒక సంఘము యొక్క పేచీగా మాత్రమే తోచును. ఈ చరిత్రను రెండు పేరాలలో చెప్పుటకు చోటులేని పత్రికలు, ఎవరెవరిని ఏమన్నారన్న పుక్కిటివార్తలకు పుటలకు పుటలు కేటాయించినవి.

ఇంతవరకు ఒక వైపు చెప్పితిని. రెండవవైపు పక్షపాతము ఇంతకంటె తక్కువది కాదు. కాని దాని తీరు వేరు. గిబ్సన్ సంస్థవారు 2003 వేసవినుండి చిత్రమును ముందుగా చూపుచు వచ్చిరి, ఎవరికి? తమకు అనుకూలురని తోచిన పాస్టర్లకును, సంప్రదాయవాదులైన పత్రికారచయితలకును. విమర్శకులైనవారికి పెక్కుసారులు ఆహ్వానము లేకపోయెను. చూచిన వారు విషయము బయటపెట్టరాదని సంతకములు చేయవలసివచ్చెను. ఈ వలయము ఎంత చిత్రమైనదో గమనింపుడు. చూడక వ్రాయుట తప్పందురు. చూచుటకు వచ్చినవానికి తలుపు తెరువరు. తలుపు బయటనుండి వ్రాసినవానిని పక్షపాతి యందురు. లోనికి పోయి చూచివచ్చిన అనుకూలురు చిత్రము సువార్తలకు అక్షరాల విధేయమైనదని వ్రాయగా, ఆ మాటను సరిచూచినవారు స్వల్పము. నిజమునకు చిత్రములోని పెక్కు సంఘటనలు సువార్తలలోనివి కావు. అన్నె కాతరీన ఎమ్మెరిక్ అను జర్మన్ సన్యాసిని దర్శనములను క్లెమెన్స్ బ్రెంటానో అను కవి వ్రాసి 1833లో అచ్చువేయించిన గ్రంథమునుండి గ్రహించినవి. పిలాతు భార్య క్రీస్తు తల్లికి తెల్లని వస్త్రములు తెచ్చియిచ్చు దృశ్యము అట్టిది. ఇది దోషమని నేననను. కళాకారుడు తనకు నచ్చినచోటనుండి తెచ్చుకొనవచ్చును. కాని ‘ఉన్నదున్నట్లు’ అని ప్రచారము చేసినవాని మాటను పరీక్షింపక అచ్చువేసిన పత్రిక, ‘యూదద్వేషి’ అన్న మాటను పరీక్షింపక అచ్చువేసిన పత్రికకు ఏ విధమునను తీసిపోదు.

పోపుగారి మాటను గూర్చిన గందరగోళము ఈ సందర్భమున తప్పక చెప్పవలసినది. 2003 డిసెంబరులో వృద్ధుడును రోగపీడితుడును అయిన రెండవ జాన్ పాల్ పోపు తన నివాసములో ఈ చిత్రమును చూచెను. చూచి, జరిగినది జరిగినట్లే యున్నదను అర్థము వచ్చు చిన్న మాట నొకటి పలికెనని, నిర్మాతల ద్వారా విని, వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికకు చెందిన పెగ్గీ నూనన్ వ్రాసెను. ప్రపంచమంతయు ఆ మాట మారుమ్రోగెను. జనవరిలో పోపుగారి ఆంతరంగిక కార్యదర్శి, పోపుగారు అట్లనలేదని ఖండించెను. అటుపిమ్మట వాటికన్ ప్రతినిధి, కళాకృతులపై బహిరంగముగా అభిప్రాయము చెప్పుట పోపుగారి సంప్రదాయము కాదని ఒక ప్రకటన చేసి ఊరకుండెను. పలికెనా, పలుకలేదా? ఇద్దరు ముగ్గురు కూర్చున్న గదిలో జరిగిన సంభాషణ యిది. ఎవరి ఇష్టమునుబట్టి వారు మొదటి వార్తనో రెండవ వార్తనో నమ్మిరి, ప్రచురించిరి. చిత్రము మంచిదా చెడ్డదా యన్నది తేల్చుటకు ఎనుబదిమూడేండ్ల వృద్ధుని నోటి మాట యొకటి ఎందుకవసరమైనదో, ఆ మాట కొరకు రెండు పక్షములవారును అంతగా ఎందుకు ప్రాకులాడిరో ఆలోచించినచో, నాటి వార్తలన్నింటికిని చిత్రముతో ఉన్న సంబంధము ఎంత పలుచనిదో తెలియును.

2004 ఫిబ్రవరి 25, భస్మ బుధవారమునాడు, మూడువేలకు మించిన థియేటర్లలో చిత్రము విడుదలయ్యెను. పెద్ద స్టూడియో ఏదియు దీనిని పంపిణీ చేయలేదు; న్యూమార్కెట్ అను చిన్న సంస్థ చేసినది. చర్చిలు హాళ్లకు హాళ్లే టిక్కెట్లు కొనివేసినవి. అమెరికాలోనే ముప్పదియేడుకోట్ల డాలర్ల వసూళ్లు వచ్చినవి. ప్రపంచమంతట కలిపి అరువదికోట్లు దాటినవి. ఏడాదిపాటు సాగిన ఉచిత ప్రచారమునకు ప్రత్యర్థులే ముఖ్యకారకులైరి. పత్రికల పక్షపాతమును గూర్చి ఫిర్యాదు చేసిన నిర్మాతకు ఆ పక్షపాతమువలన కలిగిన లాభము ఎంతయో లెక్క కట్టినవారు లేరు.

సమీక్షలు వచ్చినవి. రోజర్ ఈబర్ట్ తాను చూచిన చిత్రములలో ఇంతటి హింస మరి దేనియందును లేదని చెప్పుచునే నాలుగు నక్షత్రములు ఇచ్చెను. అనగా తన కొలతలో అత్యుత్తమమని. న్యూయార్కర్ పత్రికలో డేవిడ్ డెన్బీ దీనిని రోతపుట్టించు మరణయాత్రగా నిరసించెను. మరియొక విమర్శకుడు రంపముతో మనుష్యులను కోయు భయానకచిత్రముతో దీనిని పోల్చెను. ఇందు నాకు డెన్బీ అభిప్రాయము ఈబర్ట్ అభిప్రాయముకంటె దగ్గరగా తోచును. కొరడాదెబ్బల దృశ్యము భక్తిని దాటి మరేదో రుచికి లోబడినదని నేననుకొందును. అయినను ఒక ప్రశ్న అడుగక తప్పదు. రక్తపాతమును ఒక నూతన సౌందర్యముగా మెచ్చుకొనుచు ఆ దశాబ్దమంతయు వ్రాసిన సమీక్షకులలో పలువురు, ఈ ఒక్క చిత్రములోనే రక్తము చూచి ఏల ఉలికిపడిరి? దానికి సమర్థనీయమైన కారణముండవచ్చును. ఇచట హింసను వినోదముగా గాక ప్రార్థనగా చూడుమన్నారు, అది వేరు సంగతి యని వారు చెప్పవచ్చును. కాని చెప్పినవారు ఒకరిద్దరే. మైకేల్ మెడ్వెడ్ అను సమీక్షకుడు 1988 చిత్రమును తెగడి 2004 చిత్రమును పొగడెను. ఆయన ఆచారపరుడైన యూదుడు. యూదులందరును ఒకవైపు, క్రైస్తవులందరును ఒకవైపు అని గీతగీసి చూపిన వార్తలలో ఇట్టివారికి చోటు దొరకలేదు.

ఊహించినంత హింస అమెరికాలో జరుగలేదు. థియేటరునుండి బయటికి వచ్చినవారు ఏడ్చుచు ఇండ్లకు పోయిరి గాని యూదులపై పడలేదు. అయినను డెన్వర్ నగరమున ఒక చర్చి, చిత్రము విడుదలైననాడే, యూదులు ప్రభువైన యేసును చంపిరని తన ముంగిటి బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయించినది. మొదటి సంగతిని ఒక పక్షపు పత్రికలు విజయముగా చాటగా, రెండవ సంగతిని రెండవ పక్షపువారు సాక్ష్యముగా చూపిరి. ఆ తరువాత 2006 జూలైలో గిబ్సన్ మద్యము త్రాగి కారు నడపుచు మాలిబూ వద్ద పోలీసులకు చిక్కి, యూదులను నోటికి వచ్చినట్లు దూషించి, పిదప క్షమాపణ వేడెను. మేము ముందే చెప్పలేదా యని పాత వ్యాసకర్తలు మరల వ్రాసిరి. 2006లో త్రాగినవాడు పలికిన మాట 2003లో చూడని చిత్రముపై వ్రాసిన తీర్పుకు రుజువు కాజాలదు. ఆ తీర్పు సరియైనది కావచ్చును. కాకతాళీయముగా సరియైనది ధర్మాసనమున చెల్లదు.

ఇక మన సంగతి. తెలుగుదేశమున క్రీస్తు శ్రమల చిత్రము కొత్తది కాదు. 1978లో ఎ. భీంసింగ్ దర్శకత్వమున విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ హాళ్లలోనేగాక సంచార ప్రదర్శనల మూలమున పల్లెపల్లెకును చేరినది. తెరముందు నేలపై కూర్చుండి, సిలువ మోయు ఘట్టమున కన్నీరు కార్చినవారిలో క్రైస్తవులతోపాటు హిందువులును ఉండిరి. యూద ప్రధానయాజకుడైన కయపను చూచి ఎవరికిని పొరుగింటి యూదుడు గుర్తుకు రాలేదు. రాదగిన పొరుగు యూదుడు మనకు లేడు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున తాము యూదులమని చెప్పుకొను కొలది కుటుంబములున్న సంగతి నేటికిని ఆ జిల్లాలోనే చాలమంది ఎరుగరు. అందుచేత గిబ్సన్ చిత్రమును గూర్చి విదేశీ ఏజెన్సీ వార్త వచ్చినపుడు మన డెస్కులలో దానిని తెనిగించినవారికి ఆ భయము యొక్క మూలము తెలియలేదు. తెలియనిది నేరము కాదు. తెలియకయే ‘క్రైస్తవ–యూద వివాదము’ అని మూడు మాటల శీర్షిక పెట్టి ముగించుట మాత్రము పాఠకునికి చేసిన అన్యాయము.

మనకు పరీక్ష 2006లో వచ్చెను. డాన్ బ్రౌన్ నవల ఆధారముగా రాన్ హోవర్డ్ తీసిన ‘ది డా విన్సీ కోడ్’ ఆ మే నెలలో కాన్ ఉత్సవమున ప్రదర్శింపబడి లోకమంతట విడుదలయ్యెను. మన సెన్సారు బోర్డు, ఇది కల్పితకథ యని తెలుపు ప్రకటనతో, పెద్దలకు మాత్రమే యను సర్టిఫికెట్ ఇచ్చి అనుమతించెను. అయినను నాగాలాండ్, పంజాబ్, గోవా, తమిళనాడులతోపాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును దానిని నిషేధించెను. లక్ష్మీ గణేశ్ ఫిలిమ్స్ వారు హైకోర్టుకు పోగా, జూన్ నెలలోనే న్యాయమూర్తి గోడా రఘురాం నిషేధమును కొట్టివేసెను. ఆ తీర్పులో నన్ను ఆకర్షించిన అంశమొక్కటి: ఆజ్ఞ జారీచేయుటకు ముందు ప్రభుత్వము చిత్రమును చూడలేదు. అభ్యంతరము తెలిపినవారి వినతిపత్రములే ఆధారము. చట్టము చేతనున్న ప్రభుత్వమే చూడకుండ తీర్పు చెప్పినది. ఒక ప్రదర్శనమునకు వ్యతిరేకముగా ఊరేగింపులు జరుగుననియు, అల్లర్లు కలుగుననియు చెప్పి భావప్రకటనను అణచరాదనియు, శాంతిని కాపాడుట ప్రభుత్వము యొక్క విధి యనియు సుప్రీంకోర్టు 1989లోనే, ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అను తమిళ చిత్రము వ్యాజ్యములో, స్పష్టముగా చెప్పియుండెను. మదరాసు హైకోర్టును తమిళనాడు నిషేధమును నిలువనీయలేదు.

న్యాయస్థానము అడిగిన ప్రశ్నను పత్రిక ముందుగా అడుగవలసియుండెను. ఏల అడుగదు? పని జరుగు తీరు తెలిసినవానిగా చెప్పెదను. మతచిత్రముపై వివాదము రేగగానే ఆ వార్త సినిమా విలేకరి చేతినుండి జారి శాంతిభద్రతల విలేకరి చేతికి పోవును. ఆయన పోలీసు కమీషనరును అడుగును, వినతిపత్రమిచ్చినవానిని అడుగును, ప్రతిపక్ష నాయకుని అడుగును. ఊరేగింపునకు ఎందరు వచ్చిరో లెక్కించును. చిత్రములో ఏమున్నదో చెప్పువారు ఈ వరుసలో ఎవరును లేరు. సాయంకాలము టెలివిజన్ చర్చకు పిలుచునపుడు ఇరుపక్షములలోను గొంతు పెద్దదైనవానిని పిలుతురు. చూచివచ్చినవాడు సామాన్యముగా సందేహముతో మాటాడును గనుక ఆయనకు కుర్చీ దొరకదు. ఇట్లు ఏ ద్వేషమును లేని మనుష్యులే, ఎవరి పని వారు శ్రద్ధగా చేయుచునే, ఘోరమైన పక్షపాతమును ప్రతిదినము అచ్చువేయుదురు. యజమాని దురుద్దేశమని, విదేశీ కుట్ర యని, ఫలానా కులమువారి పత్రిక యని మనము వెదకు కారణములు అప్పుడప్పుడు నిజమే కావచ్చును. కాని వానికంటె ఈ సోమరితనము పదిరెట్లు వ్యాపకమైనది.

అమెరికాలో ఈ రెండు చిత్రముల విషయమున పత్రికలు పక్షపాతము చూపినవా యని మీరు నన్నడిగినచో, చూపినవి అనియే నా తీర్పు. 1988లో సంప్రదాయ క్రైస్తవుని వేదనను వినోదముగా చూచినవి. 2003లో యూదుని వేదనను చరిత్రనుండి వేరుచేసి, కక్షగా మార్చి, రెండు జట్ల ఆటగా నడిపినవి. రెండు మారులును నష్టపడినవాడు చిత్రమును చూచి తనకు తానే ఆలోచింపదలచిన సామాన్య ప్రేక్షకుడు.

ఈ సభలో పత్రికలలో పనిచేయు యువకులు కొందరున్నారు. వారికిని, వారి సంపాదకులకును ఒక విన్నపము. ఈసారి మన రాష్ట్రములలో ఏ మతమునకు సంబంధించిన చిత్రమైనను వివాదమునకు లోనైనపుడు, ఊరేగింపు వద్దకు ఒక విలేకరిని పంపినట్లే థియేటరునకును ఒకరిని పంపుడు. చిత్రమింకను విడుదల కానిచో, ఇంతవరకు దీనిని చూచినవారెవరును లేరని వార్త మొదటి వాక్యములోనే వ్రాయుడు. నొచ్చుకొన్న సంఘము ఏ చరిత్రవలన నొచ్చుకొన్నదో తెలిసినవానిచేత అదే పుటలో నాలుగు పేరాలు వ్రాయింపుడు. నిరుడు మీకు నచ్చని సంఘము విషయమున ఏ శీర్షిక పెట్టితిరో పాత సంచిక తీసి, నేటి శీర్షిక ప్రక్కన పెట్టి చూచి, ఆపైన ప్రెస్సునకు పంపుడు.